‘ఇంకో ఏడాది ఇదే క్లాసులో ఉంచుదాం’ అని బడివాళ్లు అంటే ఏం చేయాలి?

ఏప్రిల్‌లో ఎస్ఏ-2 పరీక్షలు, అంటే ఏడాది చివరి పరీక్షలు, అయిపోతాయి. ప్రోగ్రెస్ కార్డుల రోజు వస్తుంది. అందరికీ కార్డులు ఇచ్చి పంపించేసి, మిమ్మల్ని మాత్రం ‘‘మేడమ్, మీరు ఒక్కసారి ఆఫీస్ రూమ్‌లో కూర్చోండి’’ అంటారు.

మా చిన్నోడు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు నల్గొండలో మాకు ఇదే జరిగింది. ప్రిన్సిపాల్ చాలా మర్యాదగానే మాట్లాడారు. ‘‘బాబుకు బేస్ వీక్‌గా ఉందమ్మా. ఫిఫ్త్‌కి పంపిస్తే అక్కడ ఇబ్బంది పడతడు. ఇంకో ఏడాది ఫోర్త్‌లోనే ఉంచుదాం. మీ మంచికే చెప్తున్న’’ అన్నారు. అంటూనే టైప్ చేసిన కాగితం ఒకటి నా ముందుకు జరిపారు. మొదటి లైను ఇలా ఉంది: ‘మా అబ్బాయిని అదే తరగతిలో కొనసాగించవలసిందిగా నా ఇష్టపూర్వకంగా కోరుచున్నాను.’ తేదీ దగ్గర ఖాళీ వదిలారు. కింద తల్లి సంతకం, తండ్రి సంతకం అని రెండు గీతలు. ఆపుదాం అన్నది వాళ్లు, కోరినట్టు రాసింది నా పేరు మీద.

నేను పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. మా ఆయన డ్యూటీలో ఉన్నారు కాబట్టి ‘‘ఆయనను అడిగి చెప్తా సార్’’ అని లేచాను. ఆ రోజు ఆ ఒక్క మాటే మమ్మల్ని కాపాడింది. ఆ తర్వాత రెండు నెలలు తిరిగి నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. మిర్యాలగూడ అయినా, మహబూబ్‌నగర్ అయినా, వనపర్తి అయినా చట్టం ఒకటే.

మొట్టమొదట: సంతకం పెట్టకండి

ఆ గదిలో వాళ్లు ఎంత మంచిగా చెప్పినా, ఎంత కోపంగా చెప్పినా, ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం చేయకండి. ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట మీద మీ సంతకం పడితే, రేపు మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా బడివాళ్లు ముందు చూపించేది దాన్నే. ‘మేం ఆపలేదు, తల్లిదండ్రులే అడిగారు’ అంటారు.

గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. ‘‘సార్, మీరు చెప్పింది విన్నాను. ఎందుకు ఆపాలనుకుంటున్నారో స్కూల్ లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి. ఇంట్లో మాట్లాడుకుని వస్తాం’’ అనండి, చాలు. నోటితో తేలిగ్గా అనేసిన మాటను ముద్ర వేసి రాసి ఇవ్వడానికి చాలా బడులు వెనకాడతాయి. అక్కడే సగం విషయం తేలిపోతుంది. వాళ్లు మీ ముందు పెట్టిన కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తీయనివ్వకపోతే బయటికి రాగానే తేదీ, టైము, ఎవరెవరు ఉన్నారు, ఏమన్నారు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇంకో మాట. ఈ సంభాషణ జరిగేటప్పుడు పిల్లలను బయట కూర్చోబెట్టండి. మా వాడు నా పక్కనే నిలబడి అంతా విన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో ‘‘నేను ఫెయిలా అమ్మా?’’ అని అడిగాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా విద్యా హక్కు చట్టంలోని సెక్షన్ 17 నిషేధించింది. క్లాసులో అందరి ముందు ‘నువ్వు మళ్లీ ఇదే క్లాసు’ అని అంటుంటే, దాన్ని కూడా మీ ఫిర్యాదులో రాయండి.

తరగతిని బట్టి హక్కు

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు వర్తిస్తుంది. ప్రభుత్వ బడులకే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అది పొరపాటు. ప్రభుత్వం నుంచి పైసా తీసుకోని ప్రైవేటు బడి కూడా ఈ చట్టం కిందికే వస్తుంది.

మనకు కావాల్సింది సెక్షన్ 16. మొదట్లో ఎనిమిదో తరగతి దాకా ఏ పిల్లవాడినీ ఏ తరగతిలోనూ ఆపకూడదని ఉండేది. 2019లో దాన్ని సవరించారు. ఇప్పుడు ఉన్నది ఇది: 5, 8 తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పితే అదనంగా పాఠాలు చెప్పాలి, ఫలితం వచ్చిన 2 నెలల్లోపు మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఇవ్వాలి. అందులో కూడా తప్పితేనే ఆపడం గురించిన మాట వస్తుంది. అది కూడా సంబంధిత ప్రభుత్వం అనుమతిస్తేనే. అసలు ఎవరినీ ఆపకూడదని నిర్ణయించే అధికారం కూడా ప్రభుత్వానికే ఉంది.

కాబట్టి పిల్లలు 1, 2, 3, 4, 6, 7 తరగతుల్లో ఉంటే మీ మాట గట్టిది. చట్టం ఆపే వీలు ఇచ్చిందే 5, 8 తరగతుల్లో. మా వాడిది నాలుగో తరగతి, వాళ్లు ఆపడానికి చట్టంలో చోటే లేదు.

5 గానీ 8 గానీ అయితే మూడు ప్రశ్నలు అడగండి. ఆపవచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో ఏది, నంబరు, తేదీ చెప్పండి. అదనపు క్లాసులు ఎప్పుడు చెప్పారు? మళ్లీ పరీక్ష ఎప్పుడు పెట్టారు? మూడింటికీ కాగితం చూపించలేని బడికి ఆపే హక్కు లేదు.

2024 డిసెంబర్‌లో ‘నో డిటెన్షన్ (ఎవరినీ ఆపకూడదన్న నియమం) తీసేశారు’ అని పేపర్లలో వచ్చింది గుర్తుందా? దాన్ని చూపించి భయపెట్టే బడులు ఉన్నాయి. ఆ నిబంధనలు కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, సైనిక్ స్కూళ్ల లాంటి కేంద్ర ప్రభుత్వ బడులకు సంబంధించినవి. మన ఊళ్లోని ప్రైవేటు బడికి సంబంధిత ప్రభుత్వం అంటే రాష్ట్ర ప్రభుత్వమే. సీబీఎస్‌ఈ సిలబస్ చెప్పినంత మాత్రాన ప్రైవేటు బడి కేంద్ర ప్రభుత్వ బడి అయిపోదు.

హాజరు సంగతి కూడా చెప్పాలి. పాలమూరు వైపు తల్లిదండ్రులు పుణెకో, ముంబైకో, హైదరాబాద్‌కో పనికి పోయి పిల్లలను రెండు నెలలు వెంట తీసుకెళ్లడం మనకు తెలిసిందే. ‘అటెండెన్స్ లేదు కాబట్టి ఆపుతున్నాం’ అనే కారణం సెక్షన్ 16లో ఎక్కడా లేదు.

మైనారిటీ సంస్థగా గుర్తింపు ఉన్న బడి అయితే దారి వేరు. ఈ చట్టం వాటికి వర్తించదని సుప్రీంకోర్టు 2014లో ప్రమతి కేసులో తీర్పు ఇచ్చింది. పేరు చూసి మీరే అనేసుకోకండి, మైనారిటీ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. ఉంటే సెక్షన్ 16 మాట అక్కడ నిలవదు. కానీ ఆ బడికి గుర్తింపు ఇచ్చేది కూడా విద్యాశాఖే కాబట్టి జిల్లా విద్యాధికారి, అంటే డీఈవో దగ్గరికి వెళ్లే దారి తెరిచే ఉంటుంది.

తొమ్మిదో తరగతి దగ్గర చట్టం ఆగిపోతుంది. ఇక్కడే ఎక్కువ ఒత్తిడి చూశాను. టెన్త్‌లో వంద శాతం రిజల్ట్ ఫ్లెక్సీ కట్టుకోవాలని, వీక్‌గా ఉన్న పిల్లలను తొమ్మిదిలోనే ఆపుతారు, లేదంటే టీసీ ఇచ్చి పంపించేస్తారు. అలాంటప్పుడు జవాబు పత్రాలు చూపించమని, ఏ నిబంధన ప్రకారం ఆపుతున్నారో రాసి ఇవ్వమని, మళ్లీ పరీక్ష పెట్టమని అడగండి. యూకేజీ నుంచి ఒకటికి పంపము అంటే కూడా సెక్షన్ 16 పనికిరాదు, ఆ వయసుకు అది వర్తించదు. కానీ ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లలకు టెస్ట్ పెట్టడం, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయడం సెక్షన్ 13 ప్రకారం తప్పు. మొదటిసారికి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది.

ఇంట్లో కాగితాలు ఒకచోట పెట్టండి

ప్రోగ్రెస్ కార్డు, నాలుగు ఎఫ్ఏలు (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), రెండు ఎస్ఏల మార్కులు, చేతికి వచ్చిన జవాబు పత్రాలు, డైరీ, ఫీజు రసీదులు, ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్. క్లాస్ వాట్సాప్ గ్రూపులో టీచర్ మీ పిల్లల గురించి పెట్టిన మెసేజ్‌లకు స్క్రీన్‌షాట్లు. ప్రోగ్రెస్ కార్డు వాళ్ల దగ్గరే పెట్టుకుంటే సంతకం చేయడానికి అని అడిగి ఫొటో తీసుకోండి. పెన్ నంబర్ కూడా రాసుకోండి. బడుల, విద్యార్థుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో ప్రతి విద్యార్థికి ఉండే శాశ్వత నంబర్ అది. తర్వాత దాని అవసరం పడుతుంది.

డైరీని తేలిగ్గా తీసుకోకండి. జూన్ నుంచి మార్చి దాకా మా వాడి డైరీలో టీచర్ రాసినవి మొత్తం నాలుగే మాటలు: ‘హోంవర్క్ నాట్ డన్’ రెండుసార్లు, ‘గుడ్’ రెండుసార్లు. చదువులో వెనకబడ్డాడని ఒక్కసారి కూడా రాయలేదు. పిల్లల శక్తిని గమనించి, కావాల్సిన వాళ్లకు అదనంగా చెప్పడం, ఎప్పటికప్పుడు తల్లిదండ్రులను పిలిచి హాజరు, చదువు గురించి చెప్పడం టీచర్ల బాధ్యత అని సెక్షన్ 24 అంటుంది. పది నెలలు ఏమీ చెప్పకుండా ఏప్రిల్‌లో ఆపుదాం అంటే, తప్పిన పని ఎవరిదో ఆ డైరీయే చెప్తుంది.

ఉత్తరం ఇవ్వండి

పెద్ద భాష అక్కర్లేదు. నేను ఇచ్చింది ఇంచుమించు ఇలాగే ఉంటుంది:

‘ప్రధానోపాధ్యాయుల గారికి నమస్కారాలు. మా కుమారుడు (పేరు), 4వ తరగతి, అడ్మిషన్ నంబర్ (...). ఫలానా తేదీన మమ్మల్ని పిలిచి, బాబును 5వ తరగతికి పంపకుండా అదే తరగతిలో ఉంచుతామని చెప్పారు. దీనికి మా అంగీకారం లేదు. విద్యా హక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం 4వ తరగతిలో ఆపే వీలు లేదు. బాబును 5వ తరగతికి పంపుతున్నట్టు ప్రోగ్రెస్ కార్డులో నమోదు చేసి ఇవ్వగలరు. ఆపాలనే మీ నిర్ణయం అలాగే ఉంటే కారణాలు, ఏ నిబంధన ప్రకారమో 7 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయగలరు. బాబు ఏ సబ్జెక్టుల్లో వెనకబడ్డాడో చెప్పి, అదనపు తరగతులు ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాం. ఇట్లు, తల్లి, తండ్రి సంతకాలు, ఫోన్ నంబర్, తేదీ.’

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ‘అందింది’ అని సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. మా దగ్గర ఆఫీసు అమ్మాయి ‘‘సార్ లేరు, పెట్టి వెళ్లండి’’ అంది. పెట్టి రాకండి. తీసుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

ఇదంతా బడి మూయకముందే చేయాలి. ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులు మొదలైతే మళ్లీ జూన్ 12 దాకా బడిలో పలికే మనిషి ఉండడు.

మీటింగ్‌లో పిల్లల గురించి కూడా మాట్లాడండి

హక్కు ఉంది కదా అని, పిల్లలకు వచ్చిన ఇబ్బందిని లేదనకండి. మా వాడికి నిజంగానే మార్కులు రాలేదు. ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) జవాబు పత్రంలో సగం ప్రశ్నల కింద ఖాళీ. ఆ పేపర్ టేబుల్ మీద పెట్టి క్లాస్ టీచర్ ‘‘చూడండి మేడమ్, ఏం రాయలేదు’’ అన్నారు. అందులో చెట్టుకు వేర్లు ఏం చేస్తాయి అన్న ప్రశ్న ఇంగ్లీషులో ఉంది. వాడిని పిలిపించి అదే ప్రశ్న తెలుగులో అడిగాను. ‘‘వేర్లు నీళ్లు గుంజుతయ్. చెట్టు పడిపోకుంట భూమిని పట్టుకుంటయ్’’ అన్నాడు, తడుముకోకుండా. టీచర్ ఆ పేపర్ వైపు, వాడి వైపు మార్చి మార్చి చూశారు.

వాడు రెండో తరగతి దాకా దేవరకొండ దగ్గర మా ఊళ్లో తెలుగు మీడియంలో చదివాడు. వాడికి రానిది పాఠం కాదు, ఇంగ్లీషు. దానికి మందు ఇంగ్లీషు నేర్పడం, మళ్లీ నాలుగో తరగతి కాదు. తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇది ఇంకా కష్టం. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, బడిలో ఇంగ్లీషు. మీ పిల్లలకు రానిది ఏది అన్నది విడదీసి అడగండి: చదవడమా, రాయడమా, లెక్కలా, అర్థం కావడమా? జవాబు పత్రాలు ముందు పెట్టుకునే అడగండి.

ఒకసారి కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అక్షరాలు తారుమారు చేస్తూ, నోటితో బాగా చెప్పి రాతలో తడబడే పిల్లలకు డిస్లెక్సియా లాంటిది ఉండొచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో దీన్ని వైకల్యంగా గుర్తించారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు అలాంటి పిల్లలను తొందరగా గుర్తించి, వాళ్లకు తగ్గ పద్ధతిలో చెప్పేలా చూడాలని కూడా ఆ చట్టంలో ఉంది. జిల్లా ఆసుపత్రిలో చూపించి కాగితం తెచ్చుకుంటే బడితో మాట్లాడటం సులువవుతుంది.

ఫీజు బాకీ ఉంటే ఆ సంగతి మీరే ముందు ఎత్తండి. ఎప్పటిలోగా కడతారో చెప్పి అది కూడా రాసి ఇవ్వండి. బాకీ వేరు, ప్రమోషన్ వేరు. రెండింటినీ కలిపి మాట్లాడితే ఒప్పుకోకండి.

బడి వినకపోతే

మొదట మండల విద్యాధికారి, అంటే ఎంఈవో. చాలా మండలాల్లో హైస్కూల్ హెడ్మాస్టర్లే ఈ బాధ్యత కూడా చూస్తుంటారు కాబట్టి ఫోన్ చేసి ఎక్కడ ఉన్నారో కనుక్కుని వెళ్లండి. మా ఉత్తరానికి పది రోజులైనా జవాబు రాలేదు. ఎంఈవో గారికి ఉత్తరం కాపీ, స్టాంపు వేసిన కాపీ, ఆ ‘ఇష్టపూర్వకంగా’ కాగితం ఫొటో ఇచ్చాం. ఆయన ఆ ఫొటో చూసి అక్కడి నుంచే బడికి ఫోన్ చేశారు. తర్వాతి వారం ప్రోగ్రెస్ కార్డు మా చేతికి వచ్చింది, 5వ తరగతికి ప్రమోట్ చేసినట్టు రాసి.

అందరికీ అంత తొందరగా కాకపోవచ్చు. అప్పుడు డీఈవో ఆఫీసు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ కూడా అర్జీ ఇవ్వొచ్చు. పొద్దున్నే వెళ్లండి. జిల్లాలు విడిపోయాక కూడా చాలామంది పాత అలవాటుతో నల్గొండకో మహబూబ్‌నగర్‌కో వస్తున్నారు. బడి సూర్యాపేట జిల్లాలో ఉంటే అక్కడికే, నారాయణపేటలో ఉంటే అక్కడికే వెళ్లాలి. పిల్లల హక్కుల మీద రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదును 3 నెలల్లో తేల్చాలని సెక్షన్ 32లో ఉంది. తేల్చింది మీకు నచ్చకపోతే హైదరాబాద్‌లోని రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

బడికి గుర్తింపు ఉందా, ఎప్పటి వరకు ఉంది, 5, 8 తరగతుల్లో ఆపడానికి అనుమతి జీవో ఉందా అన్నవి సమాచార హక్కు కింద డీఈవో ఆఫీసును అడగొచ్చు. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. లాయర్ అవసరం పడితే జిల్లా కోర్టులోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా సాయం చేస్తారు. ఫోన్ నంబర్ 15100.

‘అయితే టీసీ తీసుకెళ్లండి’ అంటే

ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదు. ఇది కూడా సెక్షన్ 16లోనే ఉంది. కాబట్టి టీసీ కోసం మీరు దరఖాస్తు రాయనంత వరకు వాళ్లంతట వాళ్లు ఇవ్వలేరు. కోపంలో ‘‘ఇచ్చేయండి’’ అని రాసి ఇచ్చేవాళ్లను చూశాను, రాయకండి.

మీరే బడి మార్చాలనుకుంటే అది మీ ఇష్టం. అప్పుడు టీసీలో గానీ, ప్రైమరీ పిల్లలకిచ్చే రికార్డు షీట్‌లో గానీ పై తరగతికి ప్రమోషన్‌కు అర్హత ఉందా లేదా అన్న చోట ఏం రాశారో అక్కడే నిలబడి చదవండి. ప్రభుత్వ బడిలో చేర్చేటప్పుడు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని సెక్షన్ 5 చెప్తుంది. ఇంకో ప్రైవేటు బడికి వెళ్తే ఈ రక్షణ లేదు, టీసీ చేతిలో పడ్డాకే ఈ బడి వదలండి. యూడైస్‌లో పాత బడివాళ్లు పిల్లల పేరు వదిలితేనే కొత్త బడి తీసుకోగలదు. పెన్ నంబర్ రాసుకోమన్నది అందుకే.

కొందరు తల్లిదండ్రులు బాగా ఆలోచించి, ఇంకో ఏడాది ఉంచితేనే మేలు అనుకుంటారు. జబ్బు పడి సగం ఏడాది బడికి పోని పిల్లల విషయంలో అలా అనిపించడం సహజం. నా అభిప్రాయం అడిగితే, ముందు ఎండాకాలం సెలవుల్లో గట్టిగా చదివించి చూడండి అంటాను. మా వాడికి మే నెలంతా రోజూ గంటసేపు ఇంగ్లీషు కథల పుస్తకం గట్టిగా చదివించాం. పొద్దున ఎండ ముదరకముందే, అరుగు మీద.

జూన్‌లో బడి తెరిచాక

ప్రోగ్రెస్ కార్డులో రాశారు కదా అని ఊరుకోకండి. పుస్తకాల సెట్టు ఏ తరగతిది ఇచ్చారో, ఫీజు రసీదు మీద ఏ తరగతి ఉందో చూడండి. హాజరు పట్టికలో పేరు ఎక్కడుందో క్లాస్ టీచర్‌ను అడగండి. ‘కొన్నాళ్లు కింది క్లాసులో కూర్చోబెడతాం, తర్వాత చూద్దాం’ అనే బడులు ఉన్నాయి, అది కూడా ఆపడమే. యూడైస్‌లో ఈ ఏడాది ఏ తరగతిగా ఎక్కించారో కూడా చూపించమనండి. తప్పుంటే వెంటనే చెప్పి సరిచేయించండి.

మా వాడికి మొదటి రోజు పుస్తకాల కౌంటర్ దగ్గర నాలుగో తరగతి కట్టే ఇచ్చారు. లిస్టు పాతదట. కట్ట విప్పకుండా, ప్రోగ్రెస్ కార్డు చూపించి, అక్కడే మార్పించుకున్నాం.